కింద సూపు... మేడమీద యుద్ధం!

హోచిమిన్ సిటీలో లి చిన్ థాంగ్ వీధి. 7వ నంబరు దగ్గర ఓ మామూలు నూడుల్స్ సూపు హోటల్. పేరు ఫో బిన్. బిన్ అంటే శాంతి. విచిత్రమేమిటంటే, సైగాన్‌ని (అప్పట్లో నగరం పేరదే) వణికించిన దాడికి ముహూర్తం పెట్టింది ఇక్కడే!

వియత్నాం యుద్ధకాలంలో న్గో తొవాయ్ కుటుంబం ఈ హోటల్ నడిపేది. ఫో కోసం అమెరికా సైనికులూ వచ్చి కూర్చునేవారు. కింద వాళ్లకి గిన్నెలు అందిస్తూనే, మేడమీద వియత్‌కాంగ్ రహస్య దళానికి చోటిచ్చారు. ఎవరు నోరు జారినా ఇంటిల్లిపాది ప్రాణాలకీ ముప్పే. 1968 జనవరి చివర్లో, టెట్ కొత్త సంవత్సరం పండగ వేళ సైగాన్‌పై జరిగిన దాడికి ఆదేశాలు ఆ మేడమీద నుంచే వెళ్లాయి. తర్వాత తొవాయ్ జైలుపాలయ్యారు. 1975లో యుద్ధం ముగిసింది. ఆయన మళ్లీ అదే హోటల్లో ఫో అమ్మారు, వచ్చినవారికి మేడమీది గది చూపించారు.

ఇంతకీ ఫో అంటే? (వాళ్లు పలికేది 'ఫ'కి దగ్గరగా ఉంటుంది లెండి.) బీఫ్ ఎముకల్ని గంటలకొద్దీ సన్నసెగన మరిగిస్తారు. అందులో కాల్చిన అల్లం, ఉల్లిపాయ, దాల్చినచెక్క, అనాసపువ్వు... బియ్యపు నూడుల్స్ మీద పలచటి మాంసం ముక్కలు పరిచి, ఆ మరిగే రసం పోస్తారు. బీఫ్ తినరా? కోడిమాంసంతో చేసే ఫో కూడా ఉంది. దక్షిణ వియత్నాంలో పక్కనే తులసిలాంటి ఆకులూ, మొలకలూ, మిర్చి ముక్కలూ, నిమ్మబద్దా పెడతారు. తొందరపడి నిమ్మ పిండేయకండి. ముందు ఒక్క చెంచా రసం ఉత్తదే తాగి చూడండి. మన బిర్యానీ వాసన ఎక్కడో తగులుతుంది!