ఇంట్లో ఆక్సిజన్ మిషను - కరెంటు లెక్క

ఊపిరితిత్తుల జబ్బుతో చాలాకాలంగా బాధపడుతున్నవారిలో కొందరిని ఇంటికి పంపేటప్పుడు, ఇంట్లో కూడా ఆక్సిజన్ పెట్టాలని డాక్టరుగారు రాసి ఇస్తారు. గాలిలోంచి ఆక్సిజన్‌ను వేరుచేసి ఇచ్చే మిషనును కాన్సన్‌ట్రేటర్ అంటారు. ముక్కు గొట్టం ఎలా పెట్టాలో, నీళ్ల సీసా ఎప్పుడు మార్చాలో సిస్టర్లు మీకు చూపిస్తారు. కరెంటు సంగతి మాత్రం సాధారణంగా మీకే వదిలేస్తారు. మిషను నడిచేది కరెంటు మీదే కనుక ఈ నాలుగు లెక్కలు మీకు తెలిసి ఉండాలి. ఏడో తరగతి పిల్లలు చేయగలిగిన లెక్కలే ఇవి.

మిషను వెనక అతికించిన లేబుల్ చూడండి. నిమిషానికి 5 లీటర్లు ఇచ్చే మిషనులు చాలావరకు 300 నుండి 400 వాట్ల మధ్య ఉంటాయి. మీది 350 వాట్లు అనుకుందాం. మన ఇళ్లకు వచ్చే కరెంటు 230 వోల్టులు. వోల్టులను ఆంపియర్లతో గుణిస్తే వాట్లు వస్తాయి; కాబట్టి వాట్లను వోల్టులతో భాగిస్తే ఆంపియర్లు వస్తాయి. 350ని 230తో భాగించండి: సుమారు ఒకటిన్నర ఆంపియర్లు. మోటారు ఉన్న పరికరం కనుక లేబుల్ మీద ఇంతకంటే కొంచెం ఎక్కువే ఉండవచ్చు. అయినా మామూలు 6 ఆంపియర్ల ప్లగ్గు చాలు.

ముందుగా బిల్లు మాట. వెయ్యి వాట్లు ఒక గంట వాడితే ఒక యూనిట్. 350 వాట్ల మిషను రోజుకు 15 గంటలు నడిస్తే అయిదుంపావు యూనిట్లు, నెలకు సుమారు 158 యూనిట్లు. ఇది చిన్న ఖర్చేమీ కాదు. అందుకే రాత్రి నిద్రపోయాక మిషను ఆపేద్దామనే ఆలోచన వస్తుంది. దయచేసి ఆ పని చేయకండి. నిద్రలోనే చాలామందికి ఆక్సిజన్ ఇంకా తగ్గుతుంది. ఎన్ని గంటలు రాశారో అన్ని గంటలూ పెట్టాలి. ఖర్చు భరించలేకపోతే డాక్టరుగారితో దాచకుండా చెప్పండి.

ఇక నిరోధం. తీగలో కరెంటు పారేటప్పుడు కలిగే అడ్డంకినే నిరోధం అంటారు. దీన్ని ఓములలో కొలుస్తారు. వోల్టులను ఆంపియర్లతో భాగిస్తే ఓములు వస్తాయి. వెయ్యి వాట్ల ఇస్త్రీపెట్టె 4.3 ఆంపియర్లు లాగుతుంది. 230ని 4.3తో భాగిస్తే దాని లోపలి తీగ నిరోధం సుమారు 53 ఓములు. ఆ అడ్డంకి వల్లే అది వేడెక్కుతుంది. ఇస్త్రీపెట్టెలో వేడి మనకు కావాలి, ప్లగ్గులో అక్కర్లేదు. కానీ వదులైన ప్లగ్గు దగ్గర కూడా అర ఓము నిరోధం ఉండవచ్చు. అక్కడ పుట్టే వేడి ఎంతో తెలియాలంటే ఆంపియర్లను ఆంపియర్లతోనే గుణించి, మళ్లీ ఓములతో గుణించాలి. మిషను ఒక్కటే ఉంటే ఒక వాటు పైచిలుకు, అంత భయం లేదు. అదే ఎక్స్‌టెన్షన్ బాక్సుకు ఇస్త్రీపెట్టె, నీళ్లు కాచే కెటిల్ కూడా పెడితే మొత్తం 10 ఆంపియర్లు అవుతుంది. పదిని పదితో గుణించి సగం చేస్తే 50 వాట్లు! రేడియో మెకానిక్ సీసం కరిగించే సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లది. ఆక్సిజన్ చేరిన దుప్పటి, బట్టలు మామూలు కంటే చాలా వేగంగా అంటుకుంటాయి. కాబట్టి మిషనును గోడ ప్లగ్గుకే నేరుగా పెట్టండి. ప్లగ్గు వేడిగా ఉన్నా, నల్లబడినా వెంటనే మార్పించండి. ఇంట్లో ప్రార్థనకు కొవ్వొత్తి వెలిగించే అలవాటుంటే అది వేరే గదిలో. బీడీ, సిగరెట్ అసలే వద్దు.

"ఇన్వర్టరు మీద నడుస్తుందా?" అని చాలామంది అడుగుతారు. సైన్ వేవ్ ఇన్వర్టరు అయితే, మోటారు మొదలయ్యేటప్పుడు లాగే అదనపు కరెంటును తట్టుకోగలిగితే నడుస్తుంది. ఎంతసేపు అన్నదే ప్రశ్న. 12 వోల్టుల, 150 ఆంపియర్ అవర్ బ్యాటరీలో 1800 వాట్ గంటలు ఉంటాయి. 350తో భాగిస్తే కాగితం మీద అయిదు గంటలు. కానీ ఇన్వర్టరు కొంత తింటుంది, బ్యాటరీ పాతబడుతుంది, పూర్తిగా ఖాళీ చేయకూడదు కూడా. రెండున్నర గంటలనే లెక్క పెట్టుకోండి. అదీ ఫ్యాన్లు, టీవీ ఆపేస్తేనే.

అందుకే ఒక సిలిండరు తప్పకుండా ఉండాలి. బి-టైప్ సిలిండరు నిండా ఉంటే సుమారు 1500 లీటర్లు. నిమిషానికి 2 లీటర్ల చొప్పున 750 నిమిషాలు, అంటే పన్నెండున్నర గంటలు. గేజి ముల్లు సగంలో ఉంటే ఆరు గంటలు. సిలిండరును గోడకు కట్టి ఉంచండి. దాని నాబ్‌కు నూనె, గ్రీజు రాయకండి.

చివరిగా తడి చేతుల మాట. పొడి చర్మం నిరోధం లక్ష ఓముల దాకా ఉండవచ్చు. అప్పుడు 230 వోల్టుల తీగ తగిలితే ఒంట్లో పారేది 2 మిల్లీ ఆంపియర్ల చిల్లర. ఒళ్లు తడిస్తే నిరోధం వెయ్యి ఓములకు పడిపోతుంది. అప్పుడు 230 మిల్లీ ఆంపియర్లు. గుండె ఆగడానికి 100 మిల్లీ ఆంపియర్లు చాలు. మీ ఫ్యూజు దీన్ని పట్టదు. అది 6 ఆంపియర్లు దాటితే గాని స్పందించదు. ఫ్యూజు ఉన్నది తీగలను కాపాడటానికి. మనిషిని కాపాడేది 30 మిల్లీ ఆంపియర్లకే కరెంటు తెంచే ఆర్.సి.సి.బి. ఎలక్ట్రీషియన్‌తో మెయిన్ దగ్గర పెట్టించండి, ఎర్తింగ్ కూడా చూపించండి. ఎవరికైనా షాక్ కొడితే ముందు మెయిన్ ఆపండి, ఆ తరువాతే మనిషిని ముట్టుకోండి, వెంటనే 108కి ఫోన్ చేయండి.

ఆర్.సి.సి.బి. మీద టెస్ట్ అని ఒక బటన్ ఉంటుంది. నెలకోసారి నొక్కండి, కరెంటు పోవాలి. పోకపోతే అది పాడైనట్టే. అయితే నొక్కే ముందు పెద్దాయన గొట్టాన్ని సిలిండరుకు మార్చడం మరిచిపోకండి.