మద్రాసు శాసనమండలిలో డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డి: వైద్యదృష్టి, శాసననిర్మాణం

వ్యాససంగ్రహం:

భారతదేశంలో శాసనమండలి సభ్యత్వం పొందిన తొలి మహిళగా డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డి (1886-1968) ప్రసిద్ధురాలు. 1926 చివరి నుంచి 1930 వరకు మద్రాసు రాష్ట్ర శాసనమండలిలో ఆమె చేసిన కృషిని, ముఖ్యంగా దేవదాసీ ఇనాముల సవరణను, ఆమె వైద్యవృత్తితో అన్వయించి పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. వైద్యురాలి చూపు ఆ శాసనానికి ఇచ్చిన బలమేమిటో, అదే చూపు వదిలివేసినదేమిటో ఇందులో చర్చించబడింది.

కీలకపదాలు: ముత్తులక్ష్మి రెడ్డి, మద్రాసు శాసనమండలి, దేవదాసీ వ్యవస్థ, ఇనాం భూములు, కళావంతులు.

1. ఉపోద్ఘాతం:

వైద్యులు రాజకీయాల్లోకి రావడం ఈనాడు వింత కాదు. ఊరిలో హస్తవాసి మంచిదని పేరు పొందిన వైద్యుడికి ఓట్లు సులభంగా రాలడం తెలుగు జిల్లాలలో అందరూ ఎరిగినదే. ముత్తులక్ష్మి రెడ్డి ప్రవేశం ఆ తీరులో జరగలేదు. ఆమె ఎన్నికలలో పోటీ చేయలేదు. ఏ పక్షం తరఫునా నిలబడలేదు. మహిళా సంఘాల ప్రతిపాదన మేరకు ప్రభుత్వం ఆమెను నామినేట్ చేసింది. వైద్యసేవకు ఆటంకం కలుగుతుందని ఆమె మొదట సందేహించి, తరువాతనే అంగీకరించారు.

పుదుక్కోట సంస్థానంలో 1886 జూలై 30న ఆమె జన్మించారు. తండ్రి నారాయణస్వామి అయ్యర్ విద్యావేత్త. తల్లి చంద్రమ్మాళ్ దేవదాసీ నేపథ్యం గల కుటుంబంలో పుట్టారు. మగపిల్లల కళాశాలలో ఆడపిల్లను చేర్చుకోవడానికి అభ్యంతరాలు రాగా, సంస్థానాధీశుని అనుమతితో ఆమె చదువు సాగింది. 1907లో మద్రాసు వైద్యకళాశాలలో చేరి 1912లో పట్టం పొందారు. 1914లో డాక్టర్ సుందర రెడ్డిని వివాహమాడారు. పై చదువుకు ఇంగ్లండు వెళ్లి స్త్రీల, శిశువుల వ్యాధులపై శిక్షణ పొంది వచ్చిన కొద్దికాలానికే శాసనమండలి పిలుపు అందింది.

2. మండలి స్వరూపం:

1919 సంస్కరణల వల్ల రాష్ట్రాలలో ద్వంద్వపాలన ఏర్పడింది. ఆర్థికం, శాంతిభద్రతలు గవర్నరు కార్యనిర్వాహక మండలి చేతిలోనే మిగిలాయి. విద్య, వైద్యం, ప్రజారోగ్యం, స్థానిక పరిపాలన, దేవాదాయాలు మంత్రులకు బదిలీ అయ్యాయి. ఒక వైద్యురాలు ప్రశ్నించదలచిన విషయాలలో అధికభాగం మంత్రులు సభకు జవాబు చెప్పవలసినవే కావడం ఇక్కడ గమనించాలి.

మద్రాసు మండలి 1921లో స్త్రీలకు ఓటుహక్కును అంగీకరించింది. అయితే ఆస్తి అర్హత ఉన్నందున ఆ హక్కు కొద్దిమందికే దక్కింది. సభ్యత్వానికి అర్హత 1926లో వచ్చింది. ఆ యేడు పోటీ చేసిన కమలాదేవి చట్టోపాధ్యాయ స్వల్ప తేడాతో ఓడిపోయారు. అందువల్ల సభలో ముత్తులక్ష్మి రెడ్డి ఏకైక మహిళ అయ్యారు. విశాఖ ప్రాంతానికి చెందిన సి.వి.ఎస్. నరసింహరాజు అధ్యక్షులుగా ఉన్న ఆ సభకు 1927 జనవరిలో ఆమె ఉపాధ్యక్షురాలిగా ఎన్నికయ్యారు.

పాఠశాల పిల్లలకు క్రమబద్ధమైన వైద్యపరీక్షలు జరపాలని, స్త్రీలకు, పిల్లలకు ప్రత్యేక ఆసుపత్రి ఉండాలని, వివాహ వయస్సు పెంచాలని ఆమె చేసిన ప్రతిపాదనలు ప్రసూతి వార్డు నుంచి నేరుగా వచ్చినవే. వీటిని దాతృత్వ కార్యాలుగా గాక ప్రభుత్వ బాధ్యతగా అడగడమే వాటిలోని కొత్తదనం.

3. నిదానం - ఇనాం భూమి:

ఆమె కృషిలో లోతుగా పరిశీలించదగినది దేవదాసీ వ్యవస్థకు సంబంధించిన సవరణ. ఆడపిల్లలను దేవాలయాలకు అర్పించడాన్ని ఆపాలని 1927 నవంబరులో ఆమె మండలిలో తీర్మానం ప్రవేశపెట్టారు. ఆంధ్రదేశంలో కందుకూరి వీరేశలింగం వంటి సంస్కర్తలు వేశ్యల మేజువాణీలకు వ్యతిరేకంగా అప్పటికి ఎన్నో ఏండ్లుగా పోరాడి ఉన్నారు. ఆ ఉద్యమం ప్రధానంగా మేజువాణీ పెట్టించే గృహస్థుల నీతిని ఉద్దేశించినది. ముత్తులక్ష్మి రెడ్డి చూపు మరొక చోట నిలిచింది.

దేవాలయంలో సేవ చేసే స్త్రీకి ప్రతిఫలంగా ఇనాం భూమి గాని, భూమిశిస్తులో వాటా గాని ఉండేది. సేవ సాగినంతకాలమే ఆ అనుభవం. సేవ ఆగితే భూమి చేజారుతుంది. వృద్ధురాలైన తల్లి స్థానంలో సేవ చేయడానికి కుటుంబం నుంచి మరొక ఆడపిల్ల సిద్ధంగా ఉండాలి. పుట్టిన బిడ్డో, పెంచుకొన్న బిడ్డో, ఎవరో ఒకరిని దేవునికి అర్పించక తప్పదు. ఆచారం మీద భక్తి ఉన్నా లేకున్నా, పొలం నిలవాలంటే పిల్లకు గజ్జె కట్టవలసిందే. వైద్యపరిభాషలో చెప్పాలంటే, ఆచారం లక్షణం మాత్రమే; నిదానం భూమి షరతులో ఉంది.

1929లో హిందూ ధర్మాదాయాల చట్టానికి జరిగిన సవరణ ఆ ముడినే విప్పింది. ఇనాం భూమిని సేవాషరతు నుంచి విడిపించి, నిర్ణీత పన్నుపై అనుభవదారుకే ఉంచే ఏర్పాటు జరిగింది. శిస్తువాటా పొందే స్త్రీకి ఆమె జీవితకాలం అది కొనసాగుతుంది. సేవ మానినందుకు ఎవరి భూమీ పోదు. నిషేధించడానికి ముందు జీవనాధారానికి రక్షణ కల్పించిన ఈ క్రమం సంస్కరణ శాసనాలలో తరచుగా కనిపించేది కాదు. నిషేధానికి పోలీసు కావాలి. దీనికి రెవెన్యూ అధికారి చాలు.

4. వినిపించని గొంతు:

సవరణ పరిధి మాత్రం పరిమితం. ఇనాం ఉన్న కుటుంబాలకే అది వర్తించింది. గోదావరి జిల్లాల కళావంతులలో చాలామంది దేవాలయ సేవపై కాక, జమీందారుల ఆదరణపైనా మేళాలపైనా ఆధారపడి బ్రతికినవారు. వారికి విడిపించవలసిన భూమి లేదు. సంస్కరణోద్యమం మోసుకొచ్చిన అపకీర్తి మాత్రం వారికీ దక్కింది.

సభలో ఎస్. సత్యమూర్తి వంటివారు సంప్రదాయం పేరిట ఆమెను ఎదిరించారు. ఆ వాదం కంటే దేవదాసీ సంఘాల అభ్యంతరం బరువైనది. 1910లో ముద్దుపళని 'రాధికాసాంత్వనము'ను పరిష్కరించి ప్రకటించిన బెంగుళూరు నాగరత్నమ్మ ఈ శాసనాన్ని వ్యతిరేకించినవారిలో ఒకరు. చదువు, సంగీతం, ఆస్తిహక్కు, దత్తత హక్కు గల స్త్రీలను కేవలం పతితలుగా చూడటం అన్యాయమన్నది వారి వాదసారం. మరోవైపు, అదే నేపథ్యం నుంచి వచ్చిన యామినీ పూర్ణతిలకం సంస్కరణను సమర్థించారు. అంటే ఆ వర్గంలోనే రెండు అభిప్రాయాలు ఉన్నాయి. రెంటిలో ఏదీ సభలో స్వయంగా పలకలేదు. వారి తరఫున మాట్లాడిన ఏకైక మహిళ తానే వైద్యురాలై, సుఖవ్యాధుల భాషలో, ప్రజారోగ్య భాషలో వాదించారు. వ్యాధి పోషకులైన మగవారిలోనూ ఉంటుందని వైద్యురాలికి తెలియనిది కాదు. అయినా చట్టం కన్ను స్త్రీపైనే నిలిచింది. ఈ విషయంలో నాగరత్నమ్మ పక్షపు ఆక్షేపణకు నేటికీ సరైన సమాధానం లేదు.

5. రాజీనామా - తరువాత:

దేవదాసీ అంకితాన్ని పూర్తిగా నిషేధించే బిల్లును 1930లో ఆమె ప్రతిపాదించారు. అదే సంవత్సరం ఉప్పు సత్యాగ్రహంలో గాంధీజీ అరెస్టుకు నిరసనగా సభ్యత్వాన్ని వదులుకొన్నారు. నామినేషన్ వల్ల వచ్చిన స్వేచ్ఛకు మూల్యం అప్పుడు తెలిసింది. ఆమె వెనుక పక్షం లేదు. బిల్లును భుజాన వేసుకొని నడిపేవారు లేరు. అది చట్టమయ్యేసరికి 1947 వచ్చింది. ఆ చట్టం అంకితాన్నే కాక, దేవాలయ ప్రాంగణంలోనూ దేవుని ఊరేగింపులోనూ స్త్రీ నృత్యాన్ని కూడా నిషేధించింది. అంతలోగా వసతిగృహాలు చేర్చుకోని బాలికల కోసం ఆమె అవ్వై ఇల్లం నెలకొల్పారు. సోదరి కాన్సరుతో మరణించడం చూసిన ఆమె ప్రయత్నం వల్ల 1954లో అడయారు కాన్సర్ సంస్థ వెలిసింది.

మద్రాసు చట్టం నిజాం రాజ్యంలోని తెలంగాణకు వర్తించలేదు. జోగిని, బసివి, మాతమ్మ వంటి పేర్లతో సాగిన అంకితాలను నిషేధిస్తూ ఆంధ్రప్రదేశ్ శాసనసభ 1988లో ప్రత్యేక చట్టం చేసింది. జోగినులలో అధికులు భూమిలేని దళిత కుటుంబాల స్త్రీలు. 1929 నాటి సవరణ పట్టుకొన్న ముడి వారి విషయంలో లేనేలేదు. ఊరి పెద్దల పెత్తనం, పేదరికం అక్కడి నిదానాలు. వాటిని విప్పే అధికారం ఏ ధర్మాదాయ చట్టంలోనూ లేదు.