రక్షణ రంగంలో విశ్వసనీయమైన చిప్ – ప్రభుత్వ బాధ్యత

మిరప విత్తనం కొనే రైతు పొట్లంపై ముద్రను చూసి నమ్ముతాడు. మొక్క ఏపుగానే పెరుగుతుంది. కాపు మాత్రం రాదు. విత్తనం నకిలీదని తెలిసేసరికి పెట్టుబడీ పోతుంది, అదనూ దాటుతుంది. గుంటూరు, ప్రకాశం జిల్లాల రైతుకు ఇది చెప్పనక్కరలేని బాధ. క్షిపణులలోను, ఉపగ్రహాలలోను అమర్చే సిలికాన్ చిప్ విషయంలో దేశానికి ఎదురయ్యే చిక్కు కూడా ఇట్టిదే.

బాపట్ల సమీపాన సూర్యలంక తీరంలో మన వైమానిక దళం 2020లో ఆకాశ్ క్షిపణులను ప్రయోగించి పరీక్షించింది. వాటిని తయారుచేసేది హైదరాబాదులోని భారత్ డైనమిక్స్. క్షిపణుల మార్గనిర్దేశానికి కావలసిన పరికరాలపై పరిశోధన జరిపేది అబ్దుల్ కలాం గారు నెలకొల్పిన పరిశోధనా కేంద్రం ఇమారత్. (ఇమారత్ అనే మాటను మన ఉర్దూ మిత్రులకు వివరించనక్కరలేదు.) ఈ పరికరాలన్నిటికీ ప్రాణం చిప్. వేలిగోరంత స్థలంలో లక్షలాది ట్రాన్సిస్టర్లుంటాయి. పరదేశపు కర్మాగారంలో ఎవరైనా ఒక రహస్య వలయాన్ని అదనంగా చేర్చితే సాధారణ పరీక్షలో అది బయటపడకపోవచ్చు. కావుననే రూపకల్పన నుండి తయారీ వరకు నమ్మదగిన చేతులు కావాలి.

రెండవ చిక్కు వికిరణం, అనగా రేడియేషన్. భూమిపై మనకు వాతావరణం, అయస్కాంత క్షేత్రం కవచాలుగా ఉన్నాయి. అంతరిక్షంలో ఆ రక్షణ కొరవడుతుంది. అతివేగంతో వచ్చే ఒక్క విద్యుత్కణం సిలికాన్‌ను చీల్చుకొని పోతే, దాని దారి వెంట కలిగే ఆవేశం వల్ల చిప్ జ్ఞాపకంలోని సున్న ఒకటిగా మారవచ్చు. దుకాణం పద్దులో ఒక అంకె మారితే మరల కూడుకోవచ్చు; ఎగురుతున్న రాకెట్టుకు అట్టి వ్యవధి లేదు. అందుచేత ఒకే లెక్కను మూడు వలయాలచే చేయించి, రెండు ఏకీభవించినదానినే స్వీకరించడం ఒక ఉపాయం. ట్రాన్సిస్టర్ల క్రింద విద్యుద్బంధక పొరను పరచడం మరొకటి.

ఇట్టి చిప్‌లు స్వల్ప సంఖ్యలోనే కావాలి. కోట్ల కొలది అమ్ముడుపోయే సెల్‌ఫోన్ చిప్‌లను విడిచి వీటిని ఏ వ్యాపారి చేపడతాడు? భారం ప్రభుత్వానిదే. మొహాలీలోని సెమీకండక్టర్ కాంప్లెక్స్ 1984లో ఉత్పత్తి ప్రారంభించింది. 1989లో అగ్నిప్రమాదానికి గురై, కోలుకోవడానికి ఏళ్ళు పట్టింది. దేశమంతటికీ అట్టి కర్మాగారం ఒక్కటే ఉండడం ఎంత ప్రమాదమో అప్పుడు తెలిసింది. 2006లో అంతరిక్ష శాఖ దానిని చేపట్టింది. అక్కడ 180 నానోమీటర్ల పద్ధతిలో తయారైన విక్రమ్ 3201 చిప్‌ను 2024 డిసెంబరు 30న శ్రీహరికోట నుండి లేచిన పి.ఎస్.ఎల్.వి. సి60 యాత్రలో పరీక్షించారు. 180 నానోమీటర్లు నేటి సెల్‌ఫోన్‌లతో పోల్చితే పాత పద్ధతియే. కాని రాకెట్టుకు కావలసినది వేగం కన్న నిబ్బరం.

ఈ పరిశ్రమకు కేంద్రం 2021లో 76,000 కోట్ల రూపాయలు ప్రకటించింది. వ్యాపార చిప్‌ల సందడిలో రక్షణ అవసరాల వాటా మరుగున పడరాదని నా అభిప్రాయం. ఈ నడుమ కళాశాల విద్యార్థులు రూపొందించిన చిప్‌లను సైతం మొహాలీలోనే తయారుచేసి వారికి అందజేస్తున్నారు. ఆ అవకాశం మన విద్యార్థులకు దక్కే మార్గమేమిటో కళాశాల కమిటీ పెద్దలు విచారింప ప్రార్థన.