కౌమార క్రీడాకారుల గాయాలు: సాధన భారం, కదలికల తీరుపై దృష్టి అవసరం

పాఠశాల జట్టులో ఆడే పద్నాలుగేళ్ల బాలికకు మోకాలిలోని ప్రధాన లిగమెంట్ తెగి శస్త్రచికిత్స జరిగితే, తిరిగి పోటీ బరిలో దిగడానికి కనీసం తొమ్మిది నెలలు ఆగడం శ్రేయస్కరమని క్రీడావైద్య నిపుణులు సూచిస్తున్నారు. అంటే దాదాపు ఒక విద్యా సంవత్సరం ఆమె మైదానానికి దూరమైనట్లే. పరుగులో ఉన్నట్లుండి దిశ మార్చేటప్పుడు, ఎగిరి నేలపై కాలు మోపేటప్పుడు సంభవించే ఈ గాయం ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్ వంటి క్రీడల్లో బాలుర కంటే బాలికల్లో ఎక్కువగా కనిపిస్తోంది. ఇటువంటి గాయాలను కేవలం దురదృష్టంగా భావించనవసరం లేదని గత రెండు దశాబ్దాల పరిశోధనలు తెలియజేస్తున్నాయి.

బాలికలకు సుమారు 12 ఏళ్ల వయసులోను, బాలురకు సుమారు 14 ఏళ్ల వయసులోను ఎత్తు అత్యంత వేగంగా పెరుగుతుంది. ఎముకలు పొడవు పెరిగినంత వేగంగా కండరాల బలం, శరీరంపై అదుపు సమకూరవు. నిన్నటి వరకు చక్కగా దూకిన పిల్లవాడు ఈ దశలో తడబడితే అది బద్ధకం కాదు, నిర్లక్ష్యమూ కాదు. ఎముకల చివర్లలోని ఎదుగుదల భాగాలు అప్పటికింకా గట్టిపడవు. తొడ ముందరి కండరం పదే పదే లాగడం వల్ల మోకాలి చిప్ప దిగువన నొప్పి, వాపు కలిగించే 'ఆస్‌గుడ్-ష్లాటర్' సమస్యను వైద్యులు 1903లోనే వర్ణించారు. పాఠశాల క్రీడల్లో అండర్-14, అండర్-17 విభాగాలను పుట్టిన తేదీని బట్టి నిర్ణయిస్తారు. ఒకే విభాగంలో ఆడే ఇద్దరిలో ఒకరు ఎదుగుదల పూర్తి కావచ్చినవారు, మరొకరు ఇప్పుడే ఎదగనారంభించినవారు కావచ్చు. ఇద్దరికీ ఒకే సాధన నిర్దేశించడం సమంజసం కాదు.

సాధన భారాన్ని కొలవడానికి ఖరీదైన పరికరాలు అక్కరలేదు. అమెరికా శాస్త్రవేత్త కార్ల్ ఫోస్టర్ రూపొందించిన పద్ధతి ప్రకారం, సాధన ముగిసిన సుమారు అరగంటకు 'ఎంత కష్టమనిపించింది' అని క్రీడాకారుణ్ణి అడిగి 0 నుంచి 10 వరకు ఒక అంకె చెప్పించి, దానిని సాధన చేసిన నిమిషాలతో గుణిస్తారు. ఉదాహరణకు, వారానికి నాలుగు సాయంత్రాలు గంట చొప్పున 5 స్థాయి కష్టంతో ఆడే బాలిక వారపు భారం 1,200. అదే బాలిక ఎంపిక శిబిరంలో నాలుగు రోజులపాటు ఉదయం, సాయంత్రం 90 నిమిషాల చొప్పున 7 స్థాయి కష్టంతో ఆడితే ఆ భారం 5,040కి చేరుతుంది. ఒక్క వారంలో నాలుగు రెట్లకు పైగా పెరిగిన ఈ భారం ఎవరి రిజిస్టరులోనూ నమోదు కాదు. పాఠశాల వ్యాయామ ఉపాధ్యాయుడు తన గంటలను, క్లబ్ కోచ్ తన గంటలను, శిబిర నిర్వాహకులు తమ గంటలను మాత్రమే చూసుకుంటారు. మొత్తం కలిపి మోసేది ఆ ఒక్క శరీరమే. క్రికెట్‌లో యువ ఫాస్ట్ బౌలర్ల విషయంలోనూ ఇదే జరుగుతోంది. మ్యాచ్‌లో వేసిన ఓవర్లు స్కోరుపట్టీలో ఉంటాయి గాని, నెట్స్‌లో వేసిన బంతులను లెక్కించేవారు అరుదు.

వారానికి తమ వయసు కంటే ఎక్కువ గంటలు వ్యవస్థీకృత క్రీడల్లో గడిపే పిల్లల్లో తీవ్రమైన అతి వినియోగ గాయాలు అధికమని 2015లో అమెరికాలో వెలువడిన ఒక అధ్యయనం పేర్కొంది. అయితే భారం ఫలానా హద్దు దాటితే గాయం తప్పదనే కచ్చితమైన సూత్రమేదీ లేదు. తాజా వారపు భారాన్ని నాలుగు వారాల సగటుతో పోల్చే నిష్పత్తికి బహుళ ప్రచారం లభించినా, దాని విశ్వసనీయతను అనేకమంది పరిశోధకులు ప్రశ్నించారు. అంకె హెచ్చరిక మాత్రమే, తీర్పు కాదు.

కదలికల తీరు విషయంలో నార్వే అనుభవం పరిశీలించదగినది. అంతర్జాతీయ ఫుట్‌బాల్ సమాఖ్య ఆధ్వర్యంలో 2006లో రూపొందిన 'ఫిఫా 11 ప్లస్' అనే 20 నిమిషాల వార్మప్ కార్యక్రమాన్ని అక్కడి 13-17 ఏళ్ల బాలికలపై పరీక్షించారు. 1,892 మంది పాల్గొన్న ఈ అధ్యయన ఫలితాలు 2008లో వెలువడ్డాయి. కాళ్ల గాయాలలో తగ్గుదల గణాంకాల రీత్యా నిర్ధారణ కాకపోయినా, మొత్తం గాయాలు దాదాపు మూడోవంతు, తీవ్ర గాయాలు సుమారు సగం తగ్గాయి. అతి వినియోగ గాయాలు సగానికి పైగా తగ్గాయి. తొడ వెనుక కండరాలను బలపరచడం, ఒంటికాలిపై నిలకడ, దూకి దిగేటప్పుడు మోకాళ్లు లోపలికి వాలకుండా చూసుకోవడం ఇందులో ముఖ్యాంశాలు. బంతి, కొన్ని కోన్‌లు తప్ప సామగ్రి అవసరం లేదు. వారానికి కనీసం రెండుసార్లు చేయించాలి. క్రమం తప్పక చేసిన వారికే అధిక ప్రయోజనం చేకూరింది. సమయం చాలదన్న అభ్యంతరం సహజమే గాని, ఇది అదనపు పని కాదు, మైదానం చుట్టూ రెండు రౌండ్లు పరుగెత్తించే పాత వార్మప్ స్థానంలో చేయించవలసినది.

ముందస్తు పరీక్షలతో గాయపడబోయే పిల్లలను గుర్తించి వారికే శిక్షణ ఇవ్వవచ్చు కదా అన్న ప్రశ్న తరచు ఎదురవుతోంది. ఎవరు గాయపడతారో ఆ పరీక్షలు విశ్వసనీయంగా చెప్పలేవని నిపుణులు స్పష్టం చేస్తున్నారు. అందువల్ల ఈ వ్యాయామాలను జట్టు మొత్తానికి నేర్పవలసి ఉంటుంది. ఎముకపై ఒకేచోట నొక్కితే నొప్పి, కుంటుతూ ఆడటం, రాత్రివేళ నొప్పి, ఫాస్ట్ బౌలర్లలో తగ్గని నడుము నొప్పి కనిపించినప్పుడు మాత్రం సాధన ఆపించి వైద్యునికి చూపించాలి. మరుసటి రోజు ఫైనల్ మ్యాచ్ ఉన్నా సరే.