ట్రాలీ దీపాలలో లోపాన్ని కనుక్కోవడం

చెరకు కోతల కాలంలో రాత్రిపూట రోడ్డు మీద ప్రయాణించి ఉంటే, దీపం లేని ట్రాలీ దగ్గరకు వచ్చేదాకా కంటికి ఆనదని మీకు అనుభవమే. ట్రాక్టరు వెనక దీపాలను ట్రాలీ, దాని మీది లోడు కప్పేస్తాయి. వెనక వచ్చేవారికి ట్రాలీ దీపాలే ఆధారం. చీకటి పడ్డాక వాహనం వెనక ఎర్రదీపం వెలుగుతూ ఉండాలని కేంద్ర మోటారు వాహనాల నియమావళి, 1989 కూడా చెబుతుంది.

దీపం వెలగకపోతే చాలామంది వెంటనే బల్బు మారుస్తారు. అది తప్పు కాదు. కానీ కొత్త బల్బు కూడా మసకగా వెలుగుతున్నా, గతుకు వచ్చినప్పుడల్లా ఆరి వెలుగుతున్నా, ఇండికేటరు వేస్తే టెయిల్ లైట్లు మిణుకుతున్నా మీరు మొదట అనుమానించవలసింది ఎర్త్‌ను. బ్యాటరీ నుంచి బల్బుకు వెళ్లిన విద్యుత్తు తిరిగి బ్యాటరీకి చేరే దారినే ఇక్కడ ఎర్త్ అంటున్నాం.

లోపం ఎటువైపు ఉంది?

ముందు ట్రాలీ ప్లగ్గును ఊడదీసి ట్రాక్టరు సాకెట్టును పరీక్షించండి. ఏడు పిన్నుల సాకెట్టులో ఐఎస్ఓ 1724 ప్రమాణం ప్రకారం 1 ఎడమ ఇండికేటరు, 3 ఎర్త్, 4 కుడి ఇండికేటరు, 5 కుడి టెయిల్ లైటు, 6 బ్రేకు లైట్లు, 7 ఎడమ టెయిల్ లైటు. (2వ పిన్ను వెనక ఫాగ్ లైటుకు ఉద్దేశించింది.) వైరు రంగులను మాత్రం నమ్మకండి. ఒకసారి రిపేరుకు వెళ్లివచ్చిన ట్రాలీలో ఏ రంగు వైరు ఎక్కడ ఉందో ఆ మెకానిక్కుకే తెలియాలి!

21 వాట్ల బల్బు హోల్డరుకు రెండు వైర్లు కలిపి, ఒకటి 6వ పిన్నుకు, రెండోది 3వ పిన్నుకు తాకించి, బ్రేకు నొక్కించండి. బల్బు నిండుగా వెలిగితే బ్రేకు లైట్ల వరకు ట్రాక్టరు వైపు లోపం లేదు. వెలగకపోతే, 3వ పిన్నుకు తాకించిన వైరును తీసి ట్రాక్టరు బాడీ మీద శుభ్రంగా గీకిన చోట పెట్టండి. ఇప్పుడు వెలిగితే సాకెట్టు ఎర్త్ వైరు తెగినట్టు.

మీటరు ఎందుకు మోసం చేస్తుంది?

ఇక ట్రాలీ వైపు చూద్దాం. 12 వోల్టుల మీద 21 వాట్ల బల్బు తీసుకునే విద్యుత్తు 21 ÷ 12 = 1.75 ఆంపియర్లు. దాని నిరోధం 12 ÷ 1.75, అంటే సుమారు 6.9 ఓమ్‌లు. ఎర్త్ బోల్టు కింద తుప్పు పట్టి 3 ఓమ్‌ల నిరోధం చేరిందనుకోండి. మొత్తం 9.9 ఓమ్‌లు. ప్రవాహం సుమారు 1.2 ఆంపియర్లకు పడిపోతుంది. 3.6 వోల్టులు తుప్పు దగ్గరే పోతాయి, బల్బుకు 8.4 వోల్టులే మిగులుతాయి. 21 వాట్ల బల్బు 10 వాట్లతో వెలుగుతుంది. ఫిలమెంటు వేడిని బట్టి నిరోధం మారుతుంది కనుక ఇవి ఉజ్జాయింపు లెక్కలే.

ఇప్పుడు బల్బు తీసేసి హోల్డరులో మల్టీమీటరు పెట్టి చూస్తే పూర్తి 12 వోల్టులు చూపిస్తుంది! మీటరు దాదాపు విద్యుత్తు తీసుకోదు కనుక తుప్పు దగ్గర వోల్టేజీ ఏమీ పోదు. వైరింగు బాగుందని మీరు పొరబడతారు. కాబట్టి దీపం వెలుగుతుండగానే కొలవాలి. పొడవాటి వైరు సాయంతో మీటరు ఒక కొనను బ్యాటరీ నెగటివ్‌కు, రెండోదాన్ని హోల్డరు బాడీకి పెట్టండి. సున్నాకు దగ్గరగా ఉండాలి. 3, 4 వోల్టులు కనిపిస్తే ఎర్త్ దారిలోనే లోపం ఉంది. కొనను హోల్డరు నుంచి ఛాసిస్‌కు, అక్కడి నుంచి ప్లగ్గుకు జరుపుతూ రండి. రీడింగు ఎక్కడ ఒక్కసారిగా తగ్గితే తుప్పు అంతకు ముందున్న అతుకులో ఉన్నట్టు.

ఎర్త్ పూర్తిగా తెగితే మరో వింత జరుగుతుంది. ఇండికేటరు బల్బు దాటి ఛాసిస్‌కు చేరిన విద్యుత్తు, దారి లేక, ట్రాలీ టెయిల్ లైటు ఫిలమెంటు గుండా వెనక్కి ఎక్కి ట్రాక్టరు టెయిల్ లైట్ల ద్వారా బ్యాటరీకి చేరుతుంది. అందుకే టెయిల్ లైట్లు ఇండికేటరుతో పాటు మిణుకుతాయి. హుక్కు, పిన్ను కలిసి ఉన్నాయి కదా, అదే ఎర్త్ అవుతుందిలే అని వదిలేసిన ట్రాలీల్లో ఇది మామూలే. గ్రీజు పూసి, ఊగుతూ ఉండే జాయింటు నమ్మదగిన దారి కాదు. ప్లగ్గు 3వ పిన్ను నుంచి ఛాసిస్‌కు విడిగా వైరు వేయాలి.

ఫ్యూజు పదే పదే పోతుంటే అది షార్టు. సిగరెట్ రేకు చుట్టడం, పెద్ద ఫ్యూజు వేయడం వైర్లను తగలబెట్టే పనులు. ఫ్యూజు స్థానంలో అదే 21 వాట్ల బల్బు కలిపి, వైరింగును ఒక్కో చోట కదపండి. షార్టు ఉన్నంతసేపు ఆ బల్బు నిండుగా వెలుగుతుంది; షార్టు విడిపోతే మసకబారుతుంది. తొట్టి పైకి లేచే మడతబందు దగ్గర, రబ్బరు లేకుండా ఇనుప రంధ్రం గుండా వైరు దూరేచోట ముందు చూడండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: ఒక ట్రాలీలో బ్రేకు లైటు మసకగా ఉంది. బ్యాటరీ నెగటివ్ నుంచి ట్రాలీ ఛాసిస్‌కు విడి వైరు కలిపినా మార్పు లేదు. హోల్డరు బాడీకి కలిపితే మాత్రం దీపం నిండుగా వెలిగింది. లోపం ఎక్కడ ఉంది? కారణం రాయండి.