మూసకు లొంగని లోహము

మాడిపోయిన బల్బును చెవియొద్ద ఆడించినపుడు సన్నగా గలగలలాడు టంగ్‌స్టన్ తీగ, తన పుట్టుకలో ఒక్కమారైనను కరగి యెరుగదు. కరగవలెనన్న 3,400 డిగ్రీల సెంటిగ్రేడునకు మించిన తాపము కావలయును. అంతటి ద్రవమును పట్టియుంచగల మూస యెక్కడిది? 1904లో యుస్ట్, హనమాన్ అనువారు దాని పొడిని జిగురుతో కలిపి జంతికలవలె నొత్తి తీగలు చేసిరి గాని, అవి ముట్టిన విరుగునట్టివి.

అమెరికాలోని స్కెనెక్టడీలో జనరల్ ఎలక్ట్రిక్ పరిశోధనాలయమున పనిచేయు విలియం కూలిడ్జి 1910 నాటికి వంగెడు తీగను సాధించెను. టంగ్‌స్టన్ ఆక్సైడును ఉదజనిలో కాల్చగా మిగులు బూడిదరంగు పొడిని ఉక్కు అచ్చులో అదిమి, సుద్దముక్కవలె పెళుసైన ఆ పచ్చికడ్డీని ఉదజని నడుమ నిలిపి, కరగుటకు కొంత తక్కువగా, కన్ను చెదరునంత తెల్లగా వెలుగువరకు విద్యుత్తును పంపుదురు.

ఆ వేడిలో ద్రవబిందువైనను పుట్టదు. పొడికి ఉపరితలము విస్తారము. అచటి పరమాణువులకు ఒకవైపు తోడు లేదు గనుక, ఆ విస్తారమును తగ్గించుకొనుటయే దాని తహతహ. రేణువు రేణువును తాకినచోట పరమాణువులు చేరి సన్నని మెడ కట్టును. మెడ బలియుకొలది నడిమి సందులు గుండ్రనై క్రుంగును, కడ్డీ పొట్టియై గట్టిపడును. స్ఫటికపు సరిహద్దు రంధ్రమును అంటియున్నంతకాలము దానిని పూడ్చు పని సులువుగా సాగును; స్ఫటికము త్వరపడి పెరిగి సరిహద్దు ముందునకు జరిగిపోయెనా, రంధ్రము లోపల చెరపడిపోవును.

ఇంతచేసినను కడ్డీ పెళుసే. చల్లగా కొట్టినకొలది ఇనుము మొండిబడునని కమ్మరికి తెలియును. ఇచట, ఎర్రగా కాల్చి సాగగొట్టిన కొలది స్ఫటికములు నారలై లోహము పెళుసుదనము వీడి వంగునట్టిదగును. తుదకు కంసాలి కమ్మచ్చునందువలె, వజ్రపు రంధ్రములగుండ లాగుదురు.

బల్బులో వెలుగునపుడు ఆ నార మరల స్ఫటికములుగా మారి, అడ్డముగా ఏర్పడిన సరిహద్దులు జారి, తీగ వ్రేలాడసాగెను. అలాడార్ పాజ్ అనునాతడు, 1922లో లభించిన పేటెంటు ప్రకారము, ఆక్సైడునకు క్షారసిలికేటు చేర్చి దానిని నివారించెను. కారణము చిరకాలమునకు ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో కనబడినది: కడ్డీలో చెరపడిన పొటాషియము, తీగ పొడుగునను వరుసదీరిన సూక్ష్మమైన బుడగలై, సరిహద్దులను అడ్డముగా కదలనీయక పట్టియుంచుచున్నది. పూడ్చుటకై అంత శ్రమపడిన రంధ్రములే ఇచట కాపలా కాయుచున్నవి.