దువ్వెన యంత్రపు రోలర్లు - మన పత్తి పింజ

గద్వాల చీరకు ఒడలు నూలు, అంచూ కొంగూ పట్టు. భౌగోళిక సూచిక గుర్తింపు పొందిన ఈ నేతలో నూలు భాగం పట్టు పక్కన వెలవెలబోకుండా నిలవాలంటే దారం సన్నగా, సమంగా, పైకి లేచిన నూగు లేకుండా ఉండాలి. అటువంటి దారాన్ని స్పిన్నింగు మిల్లుల్లో దూదిని దువ్విన తరువాతనే వడుకుతారు. దువ్వే యంత్రాన్ని మిల్లు భాషలో కోంబర్ అంటారు. జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల్లో పత్తి విరివిగా పండుతున్నప్పటికీ, మన వ్యవసాయ పాఠాలు పత్తి తీతతోనో, మార్కెట్ యార్డుతోనో ముగుస్తాయి. దూదిలోని పొట్టి పోగుల లెక్క తేలేది మాత్రం కోంబర్ దగ్గరే. అందువల్ల దాని రోలర్లు ఎలా తిరుగుతాయో, వాటిని తిప్పే విధానంలో ఏయే మార్పులు వచ్చాయో విస్తరణ శాస్త్రవేత్తలు తెలుసుకోవడం అవసరం.

దువ్వే పద్ధతికి మూలపురుషుడు ఫ్రాన్సులోని ముల్‌హౌస్ పట్టణానికి చెందిన జోస్యె హైల్‌మన్. ఆయన 1845లో పేటెంటు పొందిన సూత్రమే ఇప్పటికీ అమలులో ఉంది. పరుపులా చుట్టిన దూది కొసను రెండు దవడలు పట్టుకుంటాయి. కింద తిరిగే వర్తుల దువ్వెన ఆ కొసలోని పొట్టి పోగులను, చెత్తను, ఉండలను లాగివేస్తుంది. ఆ సమయంలో ముందున్న విడదీత రోలర్లు కదలక నిలిచి ఉంటాయి. తరువాత అవి వెనక్కి తిరిగి, అంతకుముందు లాగిన దూది తోకను కొంత వెనక్కి తెస్తాయి. దువ్విన కొత్త కొస దానిపై పడుతుంది. వెంటనే రోలర్లు ముందుకు తిరిగి రెంటినీ కలిపి లాగుకొని పోతాయి. వెనక్కి పోయిన దానికంటే ముందుకు పోయేది ఎక్కువ. ఆ తేడాయే యంత్రపు ఉత్పత్తి. రోలర్ల పట్టుకు అందనంత పొట్టి పోగులు వ్యర్థంలోకి పోతాయి. ఈ వ్యర్థాన్ని నాయిల్ అంటారు. సాధారణంగా ఇది దూదిలో 12 నుంచి 18 శాతం వరకు ఉంటుంది.

చూడడానికి సులభంగా తోచే ఈ ముందు వెనుకల కదలికలోనే అసలు చిక్కు ఉన్నది. నిమిషానికి 500 సార్లు దువ్వే ఆధునిక యంత్రంలో ఒక్కొక్క ఆవృత్తికి 0.12 సెకను మాత్రమే పడుతుంది. మిల్లు సాంకేతికులు ఆ ఆవృత్తిని 40 భాగాలుగా లెక్కిస్తారు. అంటే ఒక్కొక్క భాగం సెకనులో వెయ్యింట మూడు వంతులు. ఆ కాస్త వ్యవధిలో బరువైన ఉక్కు రోలరు ఆగాలి, వెనక్కి తిరగాలి, మళ్ళీ ఆగి ముందుకు తిరగాలి. దువ్వే వేగం రెట్టింపయితే రోలరును ఆపడానికి, తిప్పడానికి కావలసిన బలం నాలుగు రెట్లవుతుంది. వేగం పెంచడానికి అడ్డుపడినది దువ్వెన కాదు, ఈ బలమే.

పాత యంత్రాల్లో ఒక మోటారు నిలకడ చలనాన్ని క్యామ్‌లు, డిఫరెన్షియల్ గేర్ల ద్వారా ముందు వెనుకల చలనంగా మార్చేవారు. గేర్ల పళ్ళ మధ్య కొద్దిపాటి సందు తప్పనిసరి. చలనం దిశ మారిన ప్రతిసారీ ఆ సందు నిండే వరకు రోలరు వెనుకబడుతుంది. పళ్ళు అరిగేకొద్దీ ఈ జాప్యం పెరుగుతుంది. యంత్రానికి ఉండే ఎనిమిది తలల గుండా సాగే పొడవాటి రోలరును ఒక చివర నుంచే తిప్పితే, అది కొద్దిగా మెలిపడి రెండవ చివర ఆలస్యంగా కదులుతుంది. అప్పుడు మొదటి తల వద్ద అతుకు సరిగా పడినా ఎనిమిదవ తల వద్ద పడదు. అతుకు పలుచనైన చోట దారం సన్నబడుతుంది, దట్టమైన చోట లావవుతుంది. మగ్గం మీద నేతకారునికి తెగిన పోగుగా కనిపించే లోపానికి మూలం ఒక్కొక్కసారి ఇంత దూరాన ఉంటుంది.

దీనికి నివారణగా వచ్చిన మార్పులు మూడు. రోలరును రెండు చివరల నుంచీ తిప్పడం మొదటిది. దీనివల్ల మెలిక బాగా తగ్గుతుంది. రోలర్ల బరువును తగ్గించడం రెండవది. ప్రధాన గేర్ల పెట్టెతో సంబంధం లేకుండా ప్రత్యేక సర్వో మోటార్లతో విడదీత రోలర్లను నడపడం మూడవది, నా దృష్టిలో ముఖ్యమైనది. రోలరు ఎప్పుడు, ఎంత వెనక్కి రావాలో కంప్యూటరులో మార్చుకోవచ్చు. పింజ పొడవు మారితే అతుకు వేళను గేర్లు విప్పకుండానే సరిచేయవచ్చు. వనపర్తి సంస్థానపు రాజప్రాసాదంలో నడుస్తున్న పాలిటెక్నిక్ విద్యార్థులూ, మన వ్యవసాయ విద్యార్థులూ కలిసి ఒక స్పిన్నింగు మిల్లును చూసివస్తే ఇరువురికీ లాభమే. ప్రస్తుతం ఒకరి పాఠం ఇంకొకరికి తెలియదు.

అయితే రోలరు ఎంత కచ్చితంగా తిరిగినా పొట్టి పోగును పొడుగు చేయలేదు. నాయిల్ తగ్గించాలని యంత్రాన్ని సవరిస్తే పొట్టి పోగులు దారంలోకి చేరి నూగు పెరుగుతుంది. నాణ్యత కోసం నాయిల్ పెంచితే వంద కిలోల దూదిలో ఒక్కొక్క శాతానికి ఒక్కొక్క కిలో పోతుంది. నాయిల్‌ను ముతక నూలుకు, వైద్యానికి వాడే దూదికి వినియోగిస్తారు కానీ దానికి ఆ ధర రాదు. ఈ నష్టాన్ని తగ్గించే మార్గం పొలంలోనే ఉన్నది.

పత్తి పువ్వు విచ్చిన తరువాత సుమారు 20-25 రోజుల వరకు పోగు పొడవు సాగుతుంది. ఆ సాగుదలకు కావలసిన లోపలి బిగువును కల్పించేవి ప్రధానంగా పొటాషియం, మాలేట్‌లు. ఈ దశలో బెట్ట వచ్చినా, పొటాష్ కొరతపడినా పింజ పొట్టిదవుతుంది. తరువాతి మూడు వారాలకు పైగా పోగు గోడలో సెల్యులోజ్ పేరుకుంటుంది. అప్పుడు మొక్క వడలితే పోగు పొడవుగానే ఉన్నా పలుచగా, పక్వం లేకుండా మిగులుతుంది. అటువంటి పోగు జిన్నింగులోనూ, కార్డింగులోనూ తెగి పొట్టి పోగుగా మారుతుంది. నీటిని తక్కువగా నిలుపుకొనే మన చలక నేలల్లో ఆలస్యంగా విత్తిన పత్తికి ఈ రెండవ ప్రమాదం ఎక్కువ. నల్లరేగడిలో మొదటి తీతకూ, చివరి తీతకూ మధ్యనే పింజలో తేడా ఉంటుంది. అన్ని తీతలనూ ఒకే కుప్పగా పోస్తే ఏ ఒక్క పింజ పొడవుకూ కోంబర్‌ను సరిగా అమర్చలేరు.

జిన్నింగు మిల్లు సంగతీ రోలర్లదే. ఫోన్స్ మెకార్తీ 1840లో పేటెంటు పొందిన రోలరు జిన్ను వంశానికి చెందిన జంట రోలర్ల యంత్రాలే మన దేశంలో ఎక్కువ. తోలు చుట్టిన రోలరు దూదిని స్థిరమైన కత్తి కిందుగా లాగుతుంది, కదిలే కత్తి గింజను తోసివేస్తుంది. రంపపు జిన్ను కంటే ఈ పద్ధతిలో పింజ పొడవు మెరుగ్గా నిలుస్తుంది. కానీ రోలరుపై గాడులు అరిగినప్పుడు వాటిని మళ్ళీ తీయకుండా ఒత్తిడి పెంచితే వేడి పుట్టి పోగూ, గింజ పైపొరా రెండూ దెబ్బతింటాయి. సంకర పత్తి విత్తనోత్పత్తికి పేరుపొందిన గద్వాల ప్రాంతంలో ఇది చిన్న విషయం కాదు. సంకర విత్తనానికి కనీస మొలక శాతం 75. చేతితో ఒక్కొక్క పువ్వునూ విపుంసీకరించి పరాగం అద్దిన కూలీల శ్రమ ఈ రోలరు దగ్గర పగిలిపోకూడదు.

రైతుకు మద్దతు ధర పింజ పొడవు, మైక్రోనేర్‌లను బట్టి నిర్ణయమవుతుంది. తేమ 8 నుంచి 12 శాతం మధ్య చూస్తారు. పొట్టి పోగుల శాతానికి ధరలో చోటు లేదు. మిల్లు నాయిల్ రూపంలో నష్టపోయే దానికీ, రైతు పొలంలో తీసుకునే జాగ్రత్తకూ మధ్య ధర వంతెన లేనప్పుడు, కేవలం "నాణ్యత పెంచండి" అని రైతుకు చెప్పడం న్యాయం కాదని నా అభిప్రాయం. తీతల వారీగా వేరుచేసిన పత్తికి ఎక్కువ ధర ఇచ్చేలా రైతు ఉత్పత్తిదారుల సంఘాలు నేరుగా మిల్లులతో మాట్లాడుకోవడమే ప్రస్తుతానికి ఆచరణయోగ్యం.

ఆ మాటకు ఆధారం కావాలి. రాబోయే పంటకాలంలో ప్రదర్శన క్షేత్రాల నుంచి మొదటి, రెండవ, చివరి తీతల నమూనాలను విడివిడిగా సేకరించాలి. విత్తిన తేదీ, నేల రకం, పొటాష్ మోతాదు, బెట్ట రోజులు నమోదుచేయాలి. వాటిని పింజ పరీక్ష ప్రయోగశాలకు పంపి, పొడవు, మైక్రోనేర్‌లతో పాటు ఏకరూపత, పొట్టి పోగుల శాతం కూడా అడిగి తీసుకోవాలి. స్నాతకోత్తర విద్యార్థి ఒకరు రెండు పంటకాలాలు శ్రద్ధ పెడితే పూర్తయ్యే పని ఇది. పాలెం వంటి పరిశోధన కేంద్రం పరిధిలోనే చలక, నల్లరేగడి రెండు నేలలూ దొరుకుతాయి.